టంగుటూరి ప్రకాశం పంతులు

టంగుటూరి ప్రకాశం పంతులు (1872 ఆగష్టు 23 - 1957 మే 20) సుప్రసిద్ధ స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, పత్రికా సంపాదకుడు, ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రకేసరి అన్న బిరుదుతో తెలుగువారందరికీ సుపరిచితుడు. కడు పేదరికంలో పుట్టి, న్యాయవాద వృత్తిలో లక్షలు ఆర్జించి, ఆ ఆర్జననంతటినీ ప్రజాజీవితంలో వెచ్చించి, తిరిగి పేదవాడిగానే కన్నుమూసాడు. రెండుసార్లు ప్రభుత్వాధినేతగా పనిచేసినప్పటికీ పదవి పోయిన తరువాత ఆయనకు పింఛను లేదు. ఆ కాలంలో శాసనసభ్యులకు అటువంటి ఏర్పాటే లేదు. ప్రజానాయకుడు దేనితో బ్రతకాలి, ప్రజల సొమ్ములో అతనికి చెందవలసినది ఎంత అనే ప్రశ్న ఆయన జీవితంలో పలుమార్లు ఎదురయింది. ఆ దృష్టితో కూడా ఆయన జీవితం పరిశీలించదగినది.

బాల్యము, విద్యాభ్యాసము

ప్రకాశం అప్పటి నెల్లూరు జిల్లా ఒంగోలు తాలూకాలోని వినోదరాయునిపాలెం గ్రామంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. టంగుటూరు కరిణీకం వీరి వంశానిది. ప్రకాశానికి పదకొండేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. సంసార భారమంతా తల్లి మీద పడింది. సుబ్బమ్మ పిల్లలతో ఒంగోలు చేరి, అక్కడ పూటకూళ్ళ ఇల్లు నడిపి వారిని పోషించింది. ఆ రోజుల్లో పూటకూళ్ళ వృత్తిని సమాజం చిన్నచూపు చూసేది. బంధువులు ఏమనుకున్నా లెక్కచేయక, పిల్లలకు చదువు చెప్పించాలన్న పట్టుదలతో ఆమె ఆ పని చేసింది.

ఒంగోలులో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ప్రకాశంలోని చురుకుదనాన్ని గుర్తించి చేరదీసాడు. నాయుడుకు నాటకాలంటే మక్కువ. ప్రకాశం కూడా ఆయన వద్ద నాటకాలలో వేషాలు వేసేవాడు. నాయుడు రాజమండ్రికి మకాం మార్చినపుడు ప్రకాశాన్ని వెంట తీసుకొనివెళ్ళి చదివించాడు. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదవడానికి కూడా సహాయం చేసాడు. తల్లి కష్టం, గురువు దయ ఈ రెండూ లేకుంటే ప్రకాశం చదువు ముందుకు సాగేది కాదు. ప్రకాశం భార్య పేరు హనుమాయమ్మ.

న్యాయవాద వృత్తి

రెండవ తరగతి ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణుడై ప్రకాశం రాజమండ్రిలో వృత్తి ప్రారంభించాడు. కొద్ది కాలంలోనే గోదావరి జిల్లాలో పేరుమోసిన ప్లీడరు అయ్యాడు. పట్టణ రాజకీయాలలో కూడా ప్రవేశించి 1904లో రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు.

రెండవ తరగతి ప్లీడరు పెద్ద కోర్టులలో వాదించడానికి వీలులేదు. ఈ లోటు తీర్చుకొనడానికి ఒక బారిస్టరు ఇచ్చిన సలహా మీద ప్రకాశం 1904లో ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ బారిస్టరు చదువుతూనే భారతీయుల సంఘాలలో పాల్గొన్నాడు. దాదాభాయి నౌరోజీ బ్రిటిషు పార్లమెంటుకు పోటీ చేసినపుడు ఆయన తరఫున ఎన్నికల ప్రచారం చేసాడు.

ఆ కాలంలో బ్రిటిషు కామన్సు సభ సభ్యులకు జీతం లేదు. సొంత ఆస్తి ఉన్నవారు, లేదా ఎవరో ఒకరు పోషించేవారు మాత్రమే సభ్యులుగా ఉండగలిగేవారు. సభ్యులకు జీతం ఇవ్వాలన్నది 1838లో చార్టిస్టు ఉద్యమకారులు ప్రకటించిన ఆరు కోరికలలో ఒకటి. అది నెరవేరడానికి 73 సంవత్సరాలు పట్టింది. 1911లో ఏడాదికి 400 పౌన్ల జీతం ఏర్పాటయింది. పేదవాడు కూడా చట్టసభలో కూర్చోగలగాలన్నదే ఈ జీతం వెనుకనున్న ఉద్దేశం. ప్రకాశం ఇంగ్లండులో చూసినది జీతం లేని పార్లమెంటును. తరువాత తన జీవితంలో అనుభవించినది కూడా దాదాపు అటువంటి స్థితినే.

1907లో బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో వృత్తి చేపట్టాడు. అప్పుడు మద్రాసులో పేరున్న న్యాయవాదులలో ఎక్కువమంది తమిళులు, ఐరోపావారు. వారి మధ్య ఒక తెలుగు బారిస్టరు నిలదొక్కుకోవడం సామాన్యమైన విషయం కాదు. ప్రకాశం నిలదొక్కుకొనడమే కాక లక్షల్లో ఆర్జించాడు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగినపుడు నిందితుల తరఫున వాదించినవారిలో ఆయన ఒకడు. అంతకు ముందు 1907లో బిపిన్ చంద్ర పాల్ మద్రాసులో ఉపన్యసించడానికి వచ్చినపుడు, ప్రభుత్వానికి భయపడి ఇతరులు వెనుకాడగా, ప్రకాశం సభకు అధ్యక్షత వహించాడు.

స్వాతంత్ర్యోద్యమంలో

గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినపుడు ప్రకాశం 1921లో న్యాయవాద వృత్తిని విడిచిపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 49 సంవత్సరాలు, వృత్తిలో ఆదాయం ఉచ్చస్థితిలో ఉంది. వృత్తిని వదలిన న్యాయవాదులలో కొందరు తరువాత తిరిగి కోర్టులకు వెళ్ళారు. ప్రకాశం మాత్రం శేషజీవితాన్ని ప్రజాసేవకే అంకితం చేసాడు. ఈ నిర్ణయంతో ఆయనకున్న ఒకే ఒక ఆదాయమార్గం మూసుకుపోయింది.

1921 డిసెంబరులో అహ్మదాబాదులో జరిగిన కాంగ్రెసు మహాసభలో ప్రకాశం ప్రధాన కార్యదర్శులలో ఒకడుగా ఎన్నికయ్యాడు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షుడుగా కూడా పనిచేసాడు. పంజాబులో అకాలీల సత్యాగ్రహం జరిగిన గురు కా బాగ్‌ను, మతకల్లోలాలు జరిగిన ముల్తానును సందర్శించాడు. మోప్లా తిరుగుబాటు సందర్భంలో నిషేధాన్ని లెక్కచేయక మలబారు వెళ్ళాడు. దానికి శిక్షగా ప్రభుత్వం ఊటీలో ఉన్న ఆయన ఆస్తిని జప్తు చేసింది. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు మరణించాడు. ఆ శవాన్ని చూడడానికి వెళ్ళిన ప్రకాశాన్ని పోలీసులు తుపాకులు చూపి అడ్డగించారు. ఆయన చొక్కా విప్పి గుండె చూపి, కాల్చమని సవాలు చేస్తూ ముందుకు నడిచాడు. ఈ సంఘటన తరువాత ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు. 1930లో కేంద్ర శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేసి మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపించాడు.

స్వరాజ్య పత్రిక

వృత్తి విడిచిన సంవత్సరమే, 1921 అక్టోబరు 29న, ప్రకాశం మద్రాసులో స్వరాజ్య పత్రికను స్థాపించాడు. ఆంగ్లంలో మొదలైన ఈ దినపత్రిక తరువాత తెలుగు, తమిళ భాషలలో కూడా వెలువడింది. దక్షిణాదిన జాతీయోద్యమ వార్తలను ప్రజలకు చేరవేయడంలో స్వరాజ్య నిర్వహించిన పాత్ర గణనీయమైనది. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి ప్రసిద్ధ పాత్రికేయులు ఈ పత్రికలో పనిచేసినవారే.

పత్రికకు పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు. ప్రభుత్వ వ్యతిరేక పత్రిక కనుక ప్రకటనల ఆదాయం స్వల్పం. ధరావతు చెల్లించాలంటూ ప్రభుత్వం ఒత్తిడి తెచ్చేది. ప్రకాశం వాటాలు అమ్మి నిధులు సేకరించాడు, చాలనపుడు తన ఆస్తిని వెచ్చించాడు, అదీ చాలనపుడు అప్పులు చేసాడు. సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందని సందర్భాలున్నాయి. అయినా అనేకులు ఆయన మీది గౌరవంతో పనిచేస్తూ వచ్చారు. చివరకు 1930వ దశకంలో పత్రిక మూతపడింది. బారిస్టరుగా సంపాదించినదంతా దానితోనే కరిగిపోయింది. అప్పులవాళ్ళ ఒత్తిడి ఆయనను ఆ తరువాత కూడా వెన్నాడింది.

1937 మంత్రివర్గము, ఐదువందల జీతము

1919 సంస్కరణల క్రింద ఏర్పడిన ద్వంద్వ ప్రభుత్వంలో మద్రాసు మంత్రులకు నెలకు కొన్ని వేల రూపాయల జీతం ఉండేది. సామాన్య రైతు కుటుంబం ఏడాదికి వంద రూపాయలు కళ్ళజూడడమే కష్టమైన కాలమది. ఈ వ్యత్యాసాన్ని కాంగ్రెసు తీవ్రంగా విమర్శించింది. 1931లో కరాచీ మహాసభ ఆమోదించిన తీర్మానంలో, ప్రత్యేక నిపుణులను మినహాయించి, ప్రభుత్వోద్యోగి ఎవరికీ నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండరాదని పేర్కొన్నారు. 1937లో అధికారానికి వచ్చిన కాంగ్రెసు మంత్రులు ఈ మాటకు కట్టుబడి నెలకు 500 రూపాయల జీతం తీసుకున్నారు. ఇంటికి, వాహనానికి వేరే భత్యాలుండేవి.

రాజాజీ నాయకత్వాన 1937 జూలైలో ఏర్పడిన మద్రాసు మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి జిల్లాలన్నీ తిరిగి రైతుల సాక్ష్యాలు సేకరించాడు. 1938లో వెలువడిన ఈ సంఘం నివేదిక భూమికి యజమాని రైతేగాని జమీందారు కాడని తేల్చింది. శిస్తులను 1802 నాటి శాశ్వత పరిష్కారపు స్థాయికి తగ్గించాలని సూచించింది. విశాఖపట్నం, గోదావరి జిల్లాలలో జమీందారీల క్రింద నలిగిన రైతులకు ఈ నివేదిక పెద్ద ఆసరా అయింది. అది వెంటనే చట్టం కాకున్నా 1948లో వచ్చిన జమీందారీ రద్దు చట్టానికి దారి వేసింది.

యుద్ధ విషయంలో బ్రిటిషు ప్రభుత్వంతో విభేదించి 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. మంత్రిగా వచ్చే ఆ 500 రూపాయలు కూడా ఆగిపోయాయి. ప్రకాశం తిరిగి ఏ ఆదాయం లేనివాడయ్యాడు. తరువాత వ్యక్తి సత్యాగ్రహంలోను, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను పాల్గొని జైలుకు వెళ్ళాడు. రెండవసారి నిర్బంధం మూడేళ్ళు సాగింది. 1945లో విడుదలయ్యేనాటికి ఆయనకు 73 ఏళ్ళు.

పర్సుల వివాదము

ప్రకాశం జీవితంలో అతి క్లిష్టమైన నైతిక వివాదం ఈ సమయంలోనే తలెత్తింది. జైలు నుండి విడుదలైన తరువాత ఆయన ఆంధ్ర జిల్లాలలో పర్యటించాడు. ఊరూరా ప్రజలు సన్మానసభలు జరిపి, చందాలతో పోగుచేసిన డబ్బును పర్సుల రూపంలో సమర్పించారు. ప్రకాశం ఆ సొమ్మును స్వంత అవసరాలకు కూడా వినియోగించుకున్నాడు.

ఈ విషయం గాంధీజీ దృష్టికి వెళ్ళింది. ప్రజాసేవకుడికి ప్రజలిచ్చే ధనం ప్రజాకార్యానికే చెందాలి, స్వంతానికి వాడుకోరాదు అన్నది గాంధీజీ అభిప్రాయం. ఆయన ప్రకాశంతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి తన అసమ్మతిని గట్టిగా తెలియజేసాడు. ప్రకాశం వాదన వేరు. తాను లక్షల ఆదాయాన్ని వదులుకొని, ఆస్తినంతా ఉద్యమానికి ధారపోసి రిక్తహస్తుడుగా ఉన్నానని ప్రజలకు తెలుసు. అందుకే వారు తనకోసం ఇచ్చారు. తాను దాచినది లేదు అన్నది ఆయన వైఖరి. ఆయన ఆ సొమ్మును బహిరంగ సభలలో అందరి ఎదుటా స్వీకరించాడు.

ఈ వివాదంలో ఇద్దరి వాదనలోనూ బలముంది. నాయకుడు అభిమానుల చందాల మీద ఆధారపడితే రేపు ఆ అభిమానులలో ఒకరు వచ్చి అడిగిన పనిని కాదనలేని పరిస్థితి రావచ్చు. కనుక గాంధీజీ భయం నిరాధారమైనది కాదు. మరొకవైపు, ఇరవై నాలుగేళ్ళు వృత్తి ఆదాయం లేకుండా పనిచేసిన వృద్ధుడు ఏమి తిని బ్రతకాలన్న ప్రశ్నకు పార్టీ వద్దగాని ప్రభుత్వం వద్దగాని జవాబు లేదు. నాయకుని పోషణకు నియమబద్ధమైన ఏర్పాటు లేనిచోట అది వ్యక్తుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుందని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

మద్రాసు ప్రధానమంత్రిగా

1946 ఎన్నికల తరువాత గాంధీజీ, కాంగ్రెసు అధిష్ఠానం రాజాజీని మద్రాసు ప్రధానమంత్రిగా చేయాలని కోరారు. అయినా శాసనసభా పక్షం ప్రకాశాన్నే నాయకుడుగా ఎన్నుకుంది. 1946 ఏప్రిల్ 30న ఆయన పదవి చేపట్టాడు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనే పిలిచేవారు.

గ్రామాభివృద్ధి కోసం ఫిర్కా అభివృద్ధి పథకాన్ని ప్రారంభించాడు. ఖద్దరును కాపాడడానికి రాష్ట్రంలో కొత్త బట్టల మిల్లులకు అనుమతి నిరాకరించాడు. పర్సుల విషయంలో తనను తప్పుపట్టిన గాంధీజీ ఈ విషయంలో ఆయనను సమర్థించాడు. పరిశ్రమల యజమానులు, పార్టీలోని ప్రత్యర్థులు మాత్రం వ్యతిరేకించారు. కమ్యూనిస్టులపై ఆర్డినెన్సు ప్రయోగించడం మరొక విధమైన విమర్శకు గురిచేసింది. పార్టీలో ముఠా తగాదాలు ముదిరి, పదకొండు నెలలు నిండకముందే 1947 మార్చిలో పదవి నుండి వైదొలగవలసి వచ్చింది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ఆయన స్థానంలోకి వచ్చాడు.

పదవి నుండి దిగిన ప్రకాశం మళ్ళీ వట్టి చేతులతో మిగిలాడు. 1948లో పోలీసు చర్యకు ముందు హైదరాబాదు వెళ్ళి రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని కలుసుకున్నాడు. 1951లో కాంగ్రెసును వీడి ప్రజాపార్టీ స్థాపించాడు. 1952 సాధారణ ఎన్నికలలో మద్రాసు నగరంలో పోటీచేసి ఓడిపోయాడు.

ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ఆత్మార్పణ చేసిన తరువాత కేంద్రం ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుకు అంగీకరించింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం అవతరించింది. ప్రకాశం తొలి ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. అప్పటికి ప్రకాశం వయసు 81 సంవత్సరాలు. కర్నూలులో వసతులు లేక కార్యాలయాలను డేరాలలో నడిపారు.

ఈ మంత్రివర్గంలో ప్రకాశానికి కుడిభుజంగా నిలచిన వ్యక్తి తెన్నేటి విశ్వనాథం. ఈయన స్వస్థలం చోడవరం సమీపంలోని లక్కవరం. యలమంచిలి, నర్సీపట్నం ప్రాంతాలతో పాటు ఈ గ్రామం నాడు విశాఖపట్నం జిల్లాలో భాగం, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. విశ్వనాథం ఆర్థిక మంత్రిగా కొత్త రాష్ట్రపు ఖజానాను చూసుకున్నాడు.

ప్రకాశం ప్రభుత్వం పదమూడు నెలలే సాగినా చెప్పుకోదగిన పనులు చేసింది. 1952లో తెగిపోయిన విజయవాడ కృష్ణా ఆనకట్ట స్థానంలో 1954లో కొత్త బారేజీ పనులు మొదలయ్యాయి. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. హైకోర్టు గుంటూరులో ఏర్పాటయింది. శాసనసభ్యుల జీతభత్యాలకు సంబంధించిన ఆంధ్ర రాష్ట్ర చట్టం కూడా ఈ ప్రభుత్వ కాలానిదే. అందులో పింఛను ఏర్పాటు లేదు. అది ఎన్నో ఏళ్ళ తరువాత సవరణల ద్వారా చేరింది. ఆ చట్టం తెచ్చిన ప్రభుత్వానికి అధినేత అయిన ప్రకాశానికి దాని వలన పింఛను అంటూ ఏమీ దక్కలేదు.

మద్యనిషేధం విషయమై ప్రతిపక్షాలు ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు ఆధిక్యతతో నెగ్గింది. ప్రభుత్వం పడిపోయింది. 1955 మధ్యంతర ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు.

చివరి రోజులు

పదవి లేకపోయినా ప్రకాశం పర్యటనలు మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు సమీపంలోని ఒక హరిజనవాడను సందర్శించడానికి ఎండలో వెళ్ళి వడదెబ్బ తిన్నాడు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మే 20న మరణించాడు. అప్పటికి ఆయన వయసు 84 సంవత్సరాలు. రెండు రాష్ట్రాలకు ప్రభుత్వాధినేతగా పనిచేసిన ఆ మనిషి వెనుక ఆస్తిపాస్తులేమీ లేవు.

ఆయన ఆత్మకథ పేరు నా జీవిత యాత్ర. ఆయన వ్రాసిన భాగాలు ముగిసినచోటి నుండి మిగిలిన చరిత్రను తెన్నేటి విశ్వనాథం వ్రాసి నాలుగవ భాగంగా చేర్చాడు. ఆంధ్రుల రాజకీయ చరిత్రను తెలుసుకొనగోరేవారికి ఇది ముఖ్యమైన ఆధారగ్రంథం.

ప్రకాశం తరువాత: జీతము, పింఛను

ప్రకాశం మరణించిన పదిహేనేళ్ళకు, 1972 ఆగష్టు 15న, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను పథకం ప్రారంభించింది. పార్లమెంటు సభ్యుల జీతభత్యాల చట్టం 1954లో వచ్చినా, అందులో పింఛను 1976లో మాత్రమే చేరింది. మొదట్లో అది అయిదేళ్ళు పనిచేసిన మాజీ సభ్యునికి నెలకు 300 రూపాయలు. తరువాత పలుమార్లు పెరిగింది. 2025 మార్చిలో ప్రకటించిన ఉత్తర్వు ప్రకారం, 2023 ఏప్రిల్ 1 నుండి వర్తించే విధంగా, పార్లమెంటు సభ్యుని జీతం నెలకు 1,24,000 రూపాయలు, మాజీ సభ్యుని పింఛను 31,000 రూపాయలు అయ్యాయి.

పింఛనుతో పాటే మరొక ప్రశ్న పుట్టింది. ఒకే వ్యక్తి ఒకే సమయంలో ఒక పదవికి జీతం, గడచిన మరొక పదవికి పింఛను తీసుకోవచ్చునా? మాజీ పార్లమెంటు సభ్యుడు తిరిగి పార్లమెంటుకుగాని, శాసనసభకుగాని ఎన్నికైనా, గవర్నరుగా నియమితుడైనా, ప్రభుత్వంలో జీతం గల ఉద్యోగం పొందినా ఆ కాలానికి ఆ పింఛను నిలిచిపోవాలని 1954 నాటి చట్టం చెబుతుంది. జీతం, పింఛను రెండూ జీవనభృతి కోసమే కనుక రెండింటినీ కలిపి ఇవ్వనవసరం లేదన్నది దీని సారాంశం.

అయితే ఈ నియమం పార్లమెంటు పింఛనుకే వర్తిస్తుంది. శాసనసభ్యుల పింఛన్లకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకుంటుంది. అవి ఒకే తీరున లేవు. శాసనసభలోను, పార్లమెంటులోను పనిచేసి విరమించినవారు రెండు పింఛన్లు పొందే వీలున్నది. కొన్ని రాష్ట్రాలలో ఎన్నిసార్లు ఎన్నికైతే అంత ఎక్కువ పింఛను వచ్చేది. పంజాబు ప్రభుత్వం 2022లో చట్టాన్ని సవరించి, ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను అన్న నియమం తెచ్చింది. మాజీ పార్లమెంటు సభ్యుల పింఛన్లు రద్దు చేయాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఈ విషయం పార్లమెంటు విచక్షణకు సంబంధించినదని పేర్కొన్నది.

ఈ చర్చలలో పాత తరం త్యాగధనుల పేర్లు తరచు వినిపిస్తాయి. ప్రకాశం జీవితం నుండి గ్రహించవలసిన విషయం మాత్రం ఒకవైపుది కాదు. నాయకులకు జీతం, పింఛను అక్కరలేదని ఆ జీవితం చెప్పదు. ఏ ఏర్పాటూ లేకపోవడం వలన ఆయన అప్పులలో మునిగాడు, చందాలు పుచ్చుకున్నాడు, మాట పడ్డాడు. ఆస్తిపరులు కానివారు చట్టసభలకు రావాలంటే జీతం ఉండాలి. వార్ధక్యంలో ఎవరినీ ఆశ్రయించకుండా బ్రతకాలంటే పింఛను ఉండాలి. కాని పింఛను ఇవ్వడానికి కారణమైన అవసరం తీరిన తరువాత, అంటే మరొక పదవి జీతం చేతికి అందుతున్నపుడు, రెండవ మొత్తాన్ని కూడా పుచ్చుకొనడానికి ఆ కారణం వర్తించదు. పూటకూళ్ళ ఇంట్లో పెరిగిన ప్రకాశానికి ఒక్క పింఛను కూడా అందలేదన్న సంగతి ఈ రెండు విషయాలనూ ఒకేసారి గుర్తుచేస్తుంది.

స్మృతి చిహ్నాలు

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1957లో పూర్తయిన బారేజీకి ప్రకాశం బారేజీ అని పేరు పెట్టారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972 డిసెంబరులో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. 1983లో ఆయన జీవితకథ ఆధారంగా విజయచందర్ ప్రధానపాత్ర ధరించిన ఆంధ్రకేసరి చలనచిత్రం వెలువడింది. ఒంగోలులో 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించిన సుబ్బమ్మ ఊరిలో ఆ కొడుకు బిరుదుతో విశ్వవిద్యాలయం వెలయడం ఆమె శ్రమకు తగిన గుర్తింపు.